వీసీల సెర్చ్ కమిటీ సభ్యులకు బహిరంగ లేఖ: ఆ నలభై పేపర్లలో ఒక్కటైనా చదివారా?

గౌరవనీయులైన సెర్చ్ కమిటీ సభ్యులకు,

నమస్కారం. మన రెండు రాష్ట్రాల్లో ఏ విశ్వవిద్యాలయానికైనా వైస్ ఛాన్సలర్‌ను వెతికిపెట్టే పని వచ్చినప్పుడు మీరు ముగ్గురు కూర్చుంటారు. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) తరఫున ఒకరు, ప్రభుత్వం తరఫున ఒకరు, పాలకమండలి తరఫున ఒకరు. మీ పేర్లు ఒక జీవోలో కనపడతాయి, తర్వాత ఎవరికీ గుర్తుండవు. వీసీ మంచివాడైతే పేరు ప్రభుత్వానికి, చెడ్డవాడైతే నింద కూడా ప్రభుత్వానికే. మధ్యలో మీరు ఏం చూశారు, ఎవరిని ఎందుకు ఎంచారు, ఎవరిని ఎందుకు పక్కన పెట్టారు అని మిమ్మల్ని అడిగేవాళ్లు లేరు. అందుకే నేను అడుగుతున్నాను.

నేను డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. వీసీ పదవికి నాకు అర్హత లేదు, ఆశా లేదు, నా తరఫున అర్జీ పెట్టుకున్న మేనల్లుడూ లేడు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే మన దగ్గర వీసీ నియామకం గురించి ఎవరైనా నోరు తెరిస్తే, ఇతను ఎవరి మనిషి అన్న ప్రశ్నే మొదట వస్తుంది.

కొత్త వీసీ వచ్చినరోజు పేపర్లో వచ్చే వార్త ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఫలానా జిల్లా, ఫలానా మండలం. ఫలానా సామాజికవర్గానికి ఈసారి అవకాశం దక్కింది. ఫలానా నాయకుడికి సన్నిహితుడు. చివర్లో ఒక్క వాక్యం: ఇంతమందికి పీహెచ్‌డీ గైడ్‌గా ఉన్నారు, ఇన్ని అంతర్జాతీయ జర్నళ్లలో పేపర్లు ప్రచురించారు, ఇన్ని దేశాలు పర్యటించారు. కులాల ప్రాతినిధ్యం గురించి అడగడం తప్పని నేననను. దశాబ్దాల పాటు కొన్ని కులాల వాళ్లే ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న రావాల్సిందే. నాకు దొరకనిది ఇంకొకటి. ఆయన నలభై పేపర్లు రాశాడంటారు కదా, అందులో ఒక్కదాని పేరైనా ఆ వార్తలో ఉండదు. ఆయన ముప్పై ఏళ్లు దేని గురించి ఆలోచించాడో, ఏం కనిపెట్టాడో, ఎవరితో విభేదించాడో ఒక్క ముక్క ఉండదు. విలేకరిని తప్పు పట్టి లాభం లేదు. ఆయనకు అందిన బయోడేటాలోనే అది లేదు. మీకు అందిన బయోడేటాలో మాత్రం ఉందా?

నాకు తెలిసిన ఒక ప్రొఫెసర్ గారి పేపర్ల జాబితా ఒకసారి తీరిగ్గా చూశాను. ఊరూ పేరూ వద్దు. జాబితా చాలా పొడుగు. అందులో సగానికి పైగా డబ్బు కడితే వారంలో వేసే జర్నళ్లవి. కొన్నిటికి ఇప్పుడు వెబ్‌సైటు కూడా లేదు. ఒకే విషయాన్ని జిల్లా పేరు మార్చి మూడుసార్లు రాశారు. పట్టిక అదే, ముగింపు అదే. ఇదంతా ఆయన ఒక్కడి దుర్మార్గం అని కూడా అనలేను. 2010 నుంచి యూజీసీ పాయింట్ల లెక్క పెట్టింది. పేపరుకింత, సెమినార్‌కింత, పుస్తకానికింత అని ధర కట్టాక, సరుకు ఎలాగైనా తయారవుతుంది. నాసిరకం జర్నళ్లను ఆపడానికని మళ్లీ ఒక ఆమోదిత జాబితా తెచ్చారు, 2025లో దాన్నీ ఎత్తేశారు. నకళ్ల మీద 2018లో వచ్చిన నిబంధనలు కూడా శాతాల్లోనే ఉన్నాయి: పది శాతం పోలిక దాకా శిక్ష లేదు, అది దాటితే అంచెలంచెలుగా ఉంది. అంచెలన్నీ ఉన్నాయి గానీ, ఒక మనిషి కూర్చుని చదివి 'ఇందులో సరుకుంది' అనో 'ఇందులో ఏమీ లేదు' అనో చెప్పే చోటు ఒక్కటీ లేదు. ఆ చోటు మీరు కావాలన్నదే నా అర్జీ.

ఒకప్పుడు మన దగ్గర వీసీలు ఎలాంటి చదువు జీవితం గడిపి ఆ కుర్చీలోకి వచ్చారో చూద్దాం. పాతదంతా బంగారమని చెప్పడానికి కాదు. ఆ రోజుల్లో కూడా గొడవలున్నాయి, వాటి సంగతీ చెబుతాను.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. చిత్తూరు దగ్గర కట్టమంచిలో 1880లో పుట్టాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతుండగానే 'ముసలమ్మ మరణము' కావ్యం రాశాడు. స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జికి వెళ్లాడు. తిరిగొచ్చి బరోడాలో, తర్వాత మైసూరు మహారాజా కాలేజీలో పాఠం చెప్పాడు, అక్కడే ప్రిన్సిపాల్ అయ్యాడు, ఆ సంస్థానంలో విద్యాశాఖకు పెద్ద అధికారి అయ్యాడు. ఈ మధ్యలో 1914లో 'కవిత్వతత్వ విచారము' అచ్చయింది. కేంబ్రిడ్జి చదువు చదివి ఒక సంస్థానంలో ఉద్యోగం చేస్తున్నాయన తెలుగు ప్రబంధాల మీద కత్తి పట్టుకున్నట్టు రాసిన పుస్తకం అది. పింగళి సూరన 'కళాపూర్ణోదయా'న్ని ఎత్తి నిలబెట్టి, పండితులు నెత్తిన పెట్టుకున్న మరికొన్నిటిని నిలదీశాడు. పండితులు ఊరుకోలేదు, ఆ వాదం చాలాకాలం నడిచింది. ఇవాళ మీరు ఆ పుస్తకం తెరిస్తే, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో పదిహేను పేజీల్లో తెలిసిపోతుంది. అర్థశాస్త్రం మీద కూడా తెలుగులో పుస్తకం రాశాడు. మా సబ్జెక్టు కాబట్టి ఆ మాట ప్రత్యేకంగా చెప్పుకుంటున్నాను.

రామలింగారెడ్డి రాజకీయాలకు దూరంగా ఉన్న మనిషి కూడా కాదు. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు శాసనమండలికి వెళ్లాడు. 1923లో అదే పార్టీ మంత్రివర్గం మీద, పానగల్ రాజా ప్రభుత్వం మీద, అవిశ్వాస తీర్మానం పెట్టాడు. తీర్మానం నెగ్గలేదు. మూడేళ్లకు ఆయనే వీసీ అయ్యాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహం మీద బ్రిటిష్ ప్రభుత్వం లాఠీలు ఝళిపించినప్పుడు నిరసనగా వీసీ పదవికి రాజీనామా చేశాడు. 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా ఉన్నాడు. కాబట్టి రాజకీయాలు తెలిసినవాడు వీసీ కాకూడదని నేను వాదించడం లేదు. ఎవరి మీదైనా అవిశ్వాసం పెట్టగలిగినవాడా, కుర్చీ వదిలేసి రాగలిగినవాడా అని చూడమంటున్నాను. 2024 మధ్యలో ప్రభుత్వం మారగానే ఆంధ్రప్రదేశ్‌లో వీసీలు గంపగుత్తగా రాజీనామాలు ఇచ్చారు. వాళ్లంతట వాళ్లే ఇచ్చారా, ఎవరైనా ఇప్పించారా అన్న గొడవ అప్పుడు చాలా నడిచింది. ఎవరి మాట నిజమైనా నాకు బాధ ఒక్కటే. ప్రభుత్వం చేసిన పని నచ్చక ఒకాయన 1930లో వదిలిన కుర్చీని, ప్రభుత్వం మారిందని వీళ్లు వదిలారు.

రామలింగారెడ్డి తర్వాత 1931లో వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గురించి మీకు చెప్పక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ, మైసూరు, కలకత్తాలో ఐదో జార్జి పేరిట ఉన్న తత్వశాస్త్ర పీఠం, ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న విశాఖ వాల్తేరు. ఆయన వాల్తేరులో ఉన్న ఐదేళ్లలో ఎవరెవరు చేరారో చూడండి. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లి కుర్రాడు, సీవీ రామన్ శిష్యుడు, చేరేనాటికి పాతికేళ్లు కూడా లేవు. రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి, తర్వాత రాయల్ సొసైటీ ఫెలో అయిన మనిషి. ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ కొంతకాలం ఇక్కడ పాఠాలు చెప్పారు. ఆ పాతికేళ్ల భగవంతమే 1952లో ఉస్మానియాకు వీసీ అయ్యాడు, తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యాడు. చదువుకున్న వీసీ చదువుకున్నవాళ్లను గుర్తుపడతాడు. తన పేపర్లు తానే చదవని వీసీ అధ్యాపకుల నియామకాలకు అధ్యక్షత వహిస్తే ఏం జరుగుతుందో, మన యూనివర్సిటీల్లో ఖాళీల్లో కాంట్రాక్టు మీద, గంటల లెక్కన ఏళ్ల తరబడి పాఠం చెబుతున్న పిల్లల్ని అడగండి.

ఇక గొడవ సంగతి. రాధాకృష్ణన్ మీద గ్రంథచౌర్యం ఆరోపణ వచ్చిందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో సగం మంది సెప్టెంబరు 5న వాట్సాప్‌లో ఆయన్ని తిట్టడానికి వాడుకుంటారు, మిగతా సగం అసలు అలాంటిదే లేదంటారు. జరిగింది ఇదీ. జదునాథ్ సిన్హా అనే యువ పరిశోధకుడు 1929లో కలకత్తా 'మోడరన్ రివ్యూ'కు ఉత్తరం రాశాడు. భారతీయ తత్వశాస్త్రం మీద రాధాకృష్ణన్ రాసిన గ్రంథం రెండో సంపుటంలో తన థీసిస్‌లోని భాగాలున్నాయని ఆరోపించాడు. రాధాకృష్ణన్ దానికి జవాబు రాశాడు. పత్రిక ఇద్దరివీ వేసింది. కోర్టులో కేసు పడింది, ఎదురు కేసు పడింది. 1933లో రాజీ కుదిరింది. అప్పటికి ఆయన మన వైస్ ఛాన్సలర్. రాజీ కుదిరిందంటే నేరం రుజువైనట్టూ కాదు, ఆరోపణ అబద్ధమని తేలినట్టూ కాదు. తొంభై ఏళ్ల తర్వాత నేను తీర్పు చెప్పబోవడం లేదు. నాకు నచ్చింది వేరే. పేరు లేని ఒక పరిశోధకుడు దేశంలో అంత పేరున్న ప్రొఫెసర్ని పేజీలు చూపించి అడగగలిగాడు. ఆయన కూడా అచ్చులోనే సమాధానం చెప్పాల్సి వచ్చింది. వాదం బయట జరిగింది కాబట్టే ఇవాళ మీరూ నేనూ రెండు వైపులా చదువుకోవచ్చు. మీరు వీసీ పదవికి సూచించే ముగ్గురి జాబితా, అదే ప్యానెల్, అందులో ఉన్నవాళ్ల మీద ఎవరికైనా అలాంటి అభ్యంతరం ఉంటే, అది చెప్పుకోవడానికి మీ దగ్గర చోటుందా? పేర్లు గవర్నర్ కార్యాలయానికి వెళ్లాక, ఉత్తర్వులు వచ్చాక చెబితే దాన్ని అసూయ అంటారు.

ఇప్పుడు బయటి దేశం ఉదాహరణ ఒకటి. అమెరికా గొప్పదని చెప్పడానికి కాదు, అక్కడా సెర్చ్ కమిటీ పప్పులో కాలేయగలదని చెప్పడానికి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి 2016లో మార్క్ టెస్సియే-లవీన్ ప్రెసిడెంటయ్యాడు. అక్కడ ప్రెసిడెంటంటే మన వీసీ లాంటివాడే, అధికారం ఇంకా ఎక్కువ. మామూలు మనిషి కాదు. నాడీకణాల తీగలు ఎదుగుతూ తమ దారి ఎలా వెతుక్కుంటాయో చెప్పిన శాస్త్రవేత్త. జెనెన్‌టెక్ అనే పెద్ద బయోటెక్ కంపెనీలో పరిశోధనకు పెద్ద. రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి అప్పటికే ప్రెసిడెంట్. బయోడేటా చూస్తే ఎవరైనా లేచి నిలబడతారు. అయితే ఆయన పేరున్న కొన్ని పేపర్లలో బొమ్మలు దిద్దినట్టున్నాయని శాస్త్రవేత్తలు పబ్‌పీర్ అనే చర్చావేదికలో 2015 నాటికే రాశారు. అంటే ఎంపిక కంటే ముందే. అవి ఎవరైనా చూడగలిగే చోట ఉన్నాయి.

ఆరేళ్లు గడిచాయి. 2022 నవంబరులో స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల పత్రికలో థియో బేకర్ అనే కుర్రాడు ఆ విషయం రాయడం మొదలుపెట్టాడు. ఫస్టియర్ విద్యార్థి, చేరి రెండు మూడు నెలలే అయింది. ట్రస్టీలు విచారణ కమిటీ వేశారు. 2023 జులైలో నివేదిక వచ్చింది. డేటాను ఆయన స్వయంగా తారుమారు చేయలేదని, అలా జరుగుతున్నట్టు ఆయనకు తెలియదని చెప్పింది. ల్యాబులో మరెవరో చేసిన తారుమారు ఉందని, తప్పులు బయటపడ్డప్పుడు సరిదిద్దడానికి ఆయన తగినంత గట్టిగా పూనుకోలేదని కూడా చెప్పింది. ఆయన రాజీనామా ప్రకటించాడు. మూడు పేపర్లు వెనక్కి తీసుకుంటానని, రెండు సవరిస్తానని చెప్పాడు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: అందులో రెండు పేపర్లకు ఆయన 2015లోనే సవరణలు పంపాడు, వాటిని వేయకపోవడం తమ పొరపాటేనని 'సైన్స్' పత్రిక ఒప్పుకుంది. ఆయన దొంగ కాదు. కానీ అంత పెద్ద విశ్వవిద్యాలయం కమిటీ ముందే అడిగి ఉండాల్సిన ప్రశ్న ఒక ఫస్టియర్ కుర్రాడు అడిగేదాకా ఆగింది. మన దగ్గర అదే ఫస్టియర్ కుర్రాడు వీసీ పేపర్ల గురించి రాస్తే హాస్టల్ సీటు ఉంటుందో ఊడుతుందో మీకే బాగా తెలుసు.

ఇప్పుడు విశాఖ అమ్మాయి సంగతి. నీలి బెండపూడి 2022 మే నెలలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి ప్రెసిడెంట్ అయినప్పుడు మన పేపర్లన్నీ బొమ్మ వేశాయి. 1855లో పుట్టిన ఆ సంస్థకు ఆమె మొదటి మహిళా ప్రెసిడెంట్. విశాఖలో పుట్టింది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే డిగ్రీ, ఎంబీఏ చేసింది. కాన్సస్ విశ్వవిద్యాలయంలో మార్కెటింగ్‌లో పీహెచ్‌డీ. ఒహాయో స్టేట్‌లో ప్రొఫెసర్. మధ్యలో కొన్నాళ్లు హంటింగ్టన్ అనే బ్యాంకులో పెద్ద ఉద్యోగం. తర్వాత 2011లో కాన్సస్‌కే తిరిగి వచ్చి బిజినెస్ స్కూలు డీన్. ఆ తర్వాత అక్కడే ప్రొవోస్ట్, అంటే చదువు వ్యవహారాలన్నీ చూసే రెండో స్థానం. 2018లో లూయీవిల్ విశ్వవిద్యాలయం ప్రెసిడెంట్. ఆ తర్వాత పెన్ స్టేట్.

ఈ వరుస మీకు గుర్తు చేయడానికి కారణం 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా. అప్పటిదాకా 2018 నిబంధనల ప్రకారం వీసీ కావాలంటే ప్రొఫెసర్‌గా పదేళ్లు, లేదా పరిశోధన సంస్థలోనో విద్యా పరిపాలనలోనో అంతటి అనుభవం ఉండాలి. పరిశ్రమలో, ప్రభుత్వ పరిపాలనలో, ప్రభుత్వ రంగ సంస్థల్లో పదేళ్లు పెద్ద హోదాలో చేసినవాళ్లూ అర్హులేనని ముసాయిదా చెప్పింది. దక్షిణాది రాష్ట్రాలు చాలా వరకు వ్యతిరేకించాయి. వాళ్లు ఎక్కువగా మాట్లాడింది వీసీల ఎంపికలో గవర్నర్ అధికారాల గురించి. నేను అడిగేది ఇంకోటి. బెండపూడి గారు బ్యాంకులో పనిచేసింది కదా, మరి కంపెనీ పెద్దల్ని ఎందుకు తేకూడదని కొందరు ఈమెనే చూపిస్తారు. ఆవిడ బ్యాంకుకు వెళ్లకముందే ప్రొఫెసర్. బ్యాంకు నుంచి తిన్నగా ప్రెసిడెంట్ కుర్చీలోకి రాలేదు. తిరిగొచ్చి డీన్ గదిలో కూర్చుని అధ్యాపకుల ప్రమోషన్ల గొడవలు, టైంటేబుళ్లు, కొత్త భవనాలకు విరాళాలు, అన్నీ చూసింది. ఒక్కో మెట్టు దగ్గరా ఎవరో ఒకరు ఆవిడ పని చూశారు. మన దగ్గర ఐఏఎస్ అధికారికి ఇన్‌చార్జి వీసీ బాధ్యత ఇచ్చినప్పుడు ఎవరు ఏం చూశారు? తెలంగాణలో 2019 నుంచి 2021 దాకా, మళ్లీ 2024 మే నుంచి అక్టోబరు దాకా విశ్వవిద్యాలయాలు ఇన్‌చార్జిల చేతిలోనే నడిచాయి. ఆ అధికారుల్లో కొందరు చాలా సమర్థులు, కాదనను. కానీ పొద్దున పురపాలక శాఖ ఫైళ్లు, మధ్యాహ్నం విశ్వవిద్యాలయం ఫైళ్లు చూసే మనిషికి ఫిజిక్సు శాఖలో ఏం జరుగుతోందో పట్టించుకునే తీరిక ఎక్కడిది?

బెండపూడి గారి ఎంపిక కూడా తలుపులు వేసుకుని జరిగిందే. పోటీలో ఉన్నవాళ్ల పేర్లు బయటికి రానివ్వలేదు. ప్రెసిడెంటయ్యాక ఆవిడ నిర్ణయాల మీద విమర్శలు గట్టిగానే వచ్చాయి. జాతి న్యాయం మీద ఒక కేంద్రం పెడతామన్న పాత మాటను 2022లో వెనక్కి తీసుకున్నప్పుడు అధ్యాపకులు మండిపడ్డారు. 2025 మేలో ఏడు చిన్న క్యాంపస్‌లను 2027 తర్వాత మూసేయాలన్న ప్రతిపాదనకు ట్రస్టీలు 25-8 ఓట్లతో ఒప్పుకున్నారు. ఆ ఊళ్లవాళ్ల కోపం ఇంకా చల్లారి ఉండదు. విశాఖలో పుట్టింది కదా అని నేను ఆవిడ నిర్ణయాలకు వకాల్తా పుచ్చుకోను. ఎనిమిది మంది ట్రస్టీలు వ్యతిరేకించారని, ఎవరెవరు ఏమన్నారో అని పదమూడు వేల కిలోమీటర్ల అవతల కూర్చున్న నాకు కూడా తెలిసింది. మా పక్క జిల్లా విశ్వవిద్యాలయం పాలకమండలిలో ఎవరు దేనికి ఓటేశారో నాకు తెలియదు. మన అలవాటు మార్చుకోవాల్సింది ఇక్కడ.

మీకు ధైర్యం చాలదేమోనన్న అనుమానం నాకు కొంత ఉంది. ప్రభుత్వం ఒక పేరు చూచాయగా చెబుతుంది, మిగతా రెండు పేర్లు నింపడానికి మిమ్మల్ని కూర్చోబెడతారని బయట అందరూ అనుకునేదే. నిజమో కాదో మీరే చెప్పాలి. చట్టం మాత్రం మీ వైపు ఉంది. 2022 అక్టోబరులో కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయం కేసులో, సెర్చ్ కమిటీ ప్యానెల్ ఇవ్వకుండా ఒక్క పేరే పంపిందన్న కారణంతో సుప్రీంకోర్టు ఆ నియామకం మొదటినుంచీ చెల్లదంది. మన ఉస్మానియాదే ఇంకా పాత కేసుంది. డి.ఎస్.రెడ్డి అనే వీసీని 1966లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం దింపాలనుకుంది. నేరుగా దింపలేక చట్టాన్నే రెండుసార్లు సవరించింది. ఇప్పుడున్న వీసీ కొత్త వీసీ వచ్చేదాకా మాత్రమే ఉంటాడని ఒక సెక్షన్ చేర్చింది. ఆ సెక్షన్ పడే మనిషి రాష్ట్రం మొత్తం మీద ఒక్కడే. విద్యార్థులు ఆయన తరఫున రోడ్డెక్కారు. 1967లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధమని కొట్టేసింది. ఇవాళ ఒక వీసీ కోసం, అతన్ని తీసేయొద్దని, విద్యార్థులు రోడ్డెక్కుతారా? ఎక్కించుకోగల మనిషి పేరు మీ ప్యానెల్లో ఒక్కటి ఉన్నా చాలు.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. కొత్త చట్టం అక్కర్లేదు, అసెంబ్లీ అక్కర్లేదు. వచ్చేసారి నోటిఫికేషన్ ఇచ్చేటప్పుడు దరఖాస్తు ఫారంలో పేపర్లు ఎన్ని, పుస్తకాలు ఎన్ని, ప్రాజెక్టులు ఎన్ని అన్న గడులు తీసేయమని అడగండి. వాటి బదులు, మీరు రాసినవాటిలో మీకు నచ్చిన మూడు జతపరచండి అనండి. మూడే. ఆ మూడింటినీ ఆ సబ్జెక్టు తెలిసిన, ఆ విశ్వవిద్యాలయంతో సంబంధం లేని ఇద్దరికి పంపి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. ఒక్కో అభ్యర్థి దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లలో ఇద్దరితో మాట్లాడండి. గైడు థీసిస్ చదివాడా లేక సంతకం పెట్టాడా అన్నది వాళ్లకే తెలుసు. సంబంధం చూసేటప్పుడు పెళ్లికొడుకు ఊరెళ్లి నలుగుర్ని వాకబు చేస్తాం, వందల కోట్ల బడ్జెట్టు, వేలమంది పిల్లలు ఉన్న సంస్థకు ఆపాటి వాకబు ఎక్కువేం కాదు. పైస్థాయిలో చెప్పింది చేయనని ఎప్పుడైనా అన్నారా, అంటే దేనికి అన్నారు అని కూడా అడగండి. దీనికి జవాబు లేనివాళ్లే ఎక్కువ ఉంటారు. ఉన్నవాళ్ల జవాబు జాగ్రత్తగా వినండి.

అలాగే ప్యానెల్లోకి చేర్చిన ముగ్గురి పేర్లు, ఆ మూడేసి రచనలు, అవి చదివినవాళ్ల అభిప్రాయం నియామకానికి పదిహేను రోజుల ముందు విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో పెట్టించండి. అభ్యంతరం ఉన్నవాళ్లు పేరు రాసి, సంతకం పెట్టి, పేజీ నంబరు చూపించి పంపాలి. ఆకాశరామన్న ఉత్తరాలు చెత్తబుట్టలో వేయండి. ఎంపిక కాని ఇద్దరి పరువు పోతుందని కొందరంటారు. నాకైతే అలా అనిపించదు. తాము రాసిన మూడు మంచి వ్యాసాలు రాష్ట్రమంతా చదివితే పరువు ఎందుకు పోతుంది? పోయే పరువు ఉన్నవాళ్లే దరఖాస్తు మానుకుంటారు, మీకూ కొంత పని తగ్గుతుంది.

దీనికి ఖర్చు ఎంత అంటే, అభిప్రాయం రాసిన ఇద్దరికి ఇచ్చే గౌరవ వేతనం, మీ ముగ్గురి వారం రోజుల చదువు. కొత్త వీసీ బాధ్యతలు తీసుకునే రోజు క్యాంపస్ గేటు నుంచి పరిపాలనా భవనం దాకా కట్టే ఫ్లెక్సీల ఖర్చు కంటే తక్కువే అవుతుందనుకుంటాను.

ఈ లేఖ ప్రతి రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకూ పంపుతున్నాను. ఇందులో చేయలేనిది ఏదైనా ఉంటే ఎందుకు చేయలేరో మీరు కూడా బహిరంగంగానే రాయండి. వచ్చే నోటిఫికేషన్ పాత ఫారంతోనే వస్తే, నియామకం అయిన మర్నాడు సమాచార హక్కు చట్టం కింద ఒకటే ప్రశ్న వేస్తాను: కమిటీ సభ్యులు చదివిన రచనల పేర్లు తెలపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్థికశాస్త్రం లెక్చరర్